ఇల్లు వదలమన్నాను, పెళ్ళి వదలొద్దన్నాను: ఒక హెచ్-4 కేసు

హెచ్-4 మీద, అంటే భర్తకున్న హెచ్-1బీ ఉద్యోగ వీసాకు అనుబంధంగా భార్యకు ఇచ్చే వీసా మీద, ఉన్న అమ్మాయి ఎవరైనా ఫోన్ చేసి ఇంట్లో పరిస్థితి చెప్పుకుంటుంటే, నేను మధ్యలో ఆపి అడిగే మొదటి ప్రశ్న వినడానికి మొరటుగానే ఉంటుంది: "మీ ఆయన గ్రీన్‌కార్డు ఏ దశలో ఉందమ్మా?" కొట్టాడా, తిట్టాడా, ఎప్పటినుంచి అన్నవన్నీ తర్వాత. అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలో హింసకు గురైన భార్యకు దొరికే రక్షణ ఆమె పడిన బాధను బట్టి ఉండదు. బాధపెట్టినవాడి చేతిలో ఏ కాగితం ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

స్త్రీలపై హింసను అరికట్టడానికి 1994లో వచ్చిన చట్టాన్ని మా లాయర్లం 'వావా' అంటాం. భర్త అమెరికా పౌరుడైనా, గ్రీన్‌కార్డు ఉన్నవాడైనా, హింస పడిన భార్య అతనితో పని లేకుండా తన గ్రీన్‌కార్డుకు తనే ఐ-360 పిటిషన్ వేసుకోవచ్చు. అతని సంతకం అక్కర్లేదు, అతనికి తెలియాల్సిన పనీ లేదు. భర్త హెచ్-1బీ మీద ఉంటే మాత్రం ఆ తలుపు మూసే ఉంటుంది. అలాంటి భార్యలకు వర్క్ పర్మిట్ ఇచ్చే సెక్షన్ ఒకటి ఉంది గానీ, అది పని చేసుకోనిస్తుంది తప్ప హోదా ఇవ్వదు. నేరానికి గురై పోలీసులకు సహకరించినవాళ్ళకు యూ వీసా ఉంది. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, క్యూ ఏళ్ళ తరబడి సాగుతుంది. మన తెలుగువాళ్ళలో లెక్కలేనంతమంది భర్తలు గ్రీన్‌కార్డు క్యూలో పదేళ్ళు, ఆపైన హెచ్-1బీ మీదే గడుపుతారు కాబట్టి, మన ఆడవాళ్ళలో చాలామంది ఉండేది ఈ మూసిన తలుపు ముందే.

ఇక్కడ రాస్తున్న కేసులో ఆ తలుపు మధ్యలో తెరుచుకుంది. తెరుచుకునేలోపు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే ఈ కేసులోని అసలు పని. క్లయింటు అనుమతితో, పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. సుజాత అనుకుందాం.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టింది కంపెనీల తరఫున. ఏడాదికి 65,000, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకు మరో 20,000 హెచ్-1బీలు. వాటికోసం మార్చి, ఏప్రిల్ నెలల్లో నిద్ర ఉండేది కాదు. ఆ ఫైళ్ళలో భార్య అంటే ఒక ఫారం, ఒక పాస్‌పోర్టు కాపీ, అంతే. ఆమెతో విడిగా మాట్లాడాల్సిన అవసరమే ఎవరికీ తోచేది కాదు, సంతకాలు కూడా భర్త చేతే తెప్పించుకునేవాళ్ళం. తర్వాత న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల శనివారాలు ఉచితంగా సలహాలు చెప్పడం మొదలుపెట్టాక, అవే ఫైళ్ళలోని ఆడవాళ్ళు విడిగా వచ్చి కూర్చోవడం చూశాను. సుజాత కూడా అలా వచ్చిన మనిషే. 2021 వేసవిలో మొదటిసారి ఫోన్ చేసింది, లైబ్రరీ నుంచి, కూతురిని కథల క్లాసులో కూర్చోబెట్టి.

ఖమ్మం జిల్లా అమ్మాయి, బీటెక్. 2016లో పెళ్ళి, మరుసటేడు హెచ్-4 మీద న్యూజెర్సీ. కూతురు ఇక్కడే పుట్టింది. భర్తకు ఈబీ-2లో (ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు ఇచ్చే వర్గాల్లో రెండోది) ఐ-140, అంటే ఆయన కోసం కంపెనీ వేసే పిటిషన్, ఎప్పుడో మంజూరైంది, క్యూలో స్థానం చెప్పే ప్రయారిటీ డేటు 2014 ఏప్రిల్. అంటే 2015లో వచ్చిన రూలు ప్రకారం ఆమె హెచ్-4 ఈఏడీ (వర్క్ పర్మిట్) తెచ్చుకుని ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ దానికి భర్త ఐ-140 కాపీ కావాలి. "నువ్వు సంపాదిస్తే గానీ గడవని ఇల్లా ఇది?" అని ఆయన ఇవ్వలేదు.

2020 అక్టోబరు చాలామందికి గుర్తుండే ఉంటుంది. గ్రీన్‌కార్డు క్యూ ఏ తేదీ దాకా కదిలిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో, ఆ నెల ఇండియా ఈబీ-3 (మూడో వర్గం) ఫైలింగ్ తేదీ ఒక్కసారిగా 2015 జనవరి 1కి దూకింది. ఈబీ-2లో ఉన్నవాళ్ళు చాలామంది ఈబీ-3కి దిగి ఐ-485లు, అంటే గ్రీన్‌కార్డుకు ఆఖరి దరఖాస్తులు, వేశారు. సుజాత భర్త కంపెనీ కూడా వేసింది, ఆయనకూ ఆమెకూ కలిపి. రసీదులు వచ్చిన రోజు ఆ సంతోషంలో ఆయనే నాలుగు రసీదులు టేబుల్ మీద పరిచి ఫొటో తీసి ఖమ్మంలోని మామగారికి వాట్సాప్‌లో పంపాడు. ఆ ఫొటోని గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత ఇంట్లో మాట మారింది. "నీ గ్రీన్‌కార్డు నా చేతిలో ఉంది, ఒక్క ఈమెయిల్ పెడితే క్యాన్సిల్" అన్నది రోజువారీ బెదిరింపు అయింది. చట్టప్రకారం అది అబద్ధం. డిపెండెంట్‌గా వేసినా ఆ ఐ-485 ఆమె సొంత దరఖాస్తు, ఆయన దాన్ని వెనక్కి తీసుకోలేడు. కానీ ఆ అబద్ధం అడుగున ఒక నిజం ఉంది: ఆమెకు కార్డు రాకముందే విడాకులు మంజూరైతే, డిపెండెంట్ అన్న ఆధారం పోయి ఆ దరఖాస్తు కొట్టేస్తారు.

మొదటి మీటింగులో నేను చేసిన పని చిన్నదే. ఆమె తండ్రికి ఫోన్ చేయించి ఆ ఫొటో తెప్పించాను. రసీదు నంబర్లన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆమె వర్క్ పర్మిట్ రసీదు నంబరు వెబ్‌సైట్లో కొట్టి చూస్తే కార్డు డెలివరీ అయిపోయిందని వచ్చింది, తేదీతో సహా. ఆమెకేమో భర్త "ఇంకా రాలేదు, కోవిడ్ వల్ల లేటు" అని రెండు నెలలుగా చెబుతున్నాడు. ఆ స్క్రీన్ వైపు ఆమె చాలాసేపు చూసి, "ఉద్యోగం చేయొచ్చన్నమాట నేను" అంది.

అదే రోజు ఆమె ఫైలుకు లాయరుగా నా పేరు పెట్టి జీ-28 పంపాను, ఉత్తరాలు నా ఆఫీసుకు వచ్చేలా. అప్పటిదాకా ఆ ఫైలులో ఆమె లాయరు కూడా కంపెనీ లాయరే. ఒకే లాయరు కంపెనీకీ, భర్తకూ, భార్యకూ పని చేయడం ఈ రంగంలో మామూలు. భార్యాభర్తలు బాగున్నంతకాలం ఇబ్బంది లేదు. చెడితే మాత్రం భార్య ఆ లాయరుకు చెప్పుకున్నది ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకే ఎవరైనా "మా ఆయన ఆఫీసు లాయరుని అడగనా?" అంటే, అడగొద్దనే చెబుతాను.

అప్పటికి ఆమెకు కావలసింది ఒక్కటే. "విడాకులు ఎంత త్వరగా వస్తే అంత మంచిది మేడమ్. ఆ పేరు పక్కన నా పేరు ఉండొద్దు." ఆ మాటలోని కసి నాకు అర్థమైంది. అయినా చెప్పాల్సింది చెప్పాను: ఇల్లు రేపే వదలండి, పెళ్ళి మాత్రం ఇప్పుడే వదలొద్దు.

లెక్క ఇదీ. ఆయన గ్రీన్‌కార్డు రాకముందే విడాకులు అయిపోతే ఆమెకు వావా లేదు, డిపెండెంట్ దరఖాస్తూ లేదు. ఆయనకు కార్డు వచ్చే నాటికి ఆమె ఇంకా చట్టరీత్యా భార్యే అయితే రెండు దారులు తెరుచుకుంటాయి: డిపెండెంట్‌గా ఆమె కార్డూ రావచ్చు, రాకపోయినా ఐ-360 వేయవచ్చు. ఆ తర్వాత విడాకులైనా, అవి హింస కారణంగానే జరిగాయని చూపితే రెండేళ్ళలోపు పిటిషన్ వేసుకునే వీలు ఉంటుంది. విడిగా ఉండటం వల్ల పెళ్ళి దొంగపెళ్ళి అయిపోదు. చట్టం చూసేది పెళ్ళి చేసుకున్నప్పుడు ఉద్దేశం నిజమైనదా కాదా అని. ఇవన్నీ ఆమెకు తెలుగులో, కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయనే ముందు విడాకులు వేస్తే ఈ లెక్కంతా తలకిందులవుతుందని కూడా అందులో రాశాను. నిర్ణయం ఆమెది. రెండు వారాలు ఆలోచించుకుని సరేనంది.

ఆయన ముందే ఎందుకు వేయడు? నా అనుభవంలో ఇలాంటి భర్తలు తమ ఐ-485 పెండింగులో ఉండగా ఫైలులో ఏ కదలికా కోరుకోరు. కొత్త ప్రశ్నలు వస్తాయని భయం. విడాకుల నోటీసు వచ్చేది కార్డు చేతికందిన కొన్ని వారాలకు. ఆయన గ్రీన్‌కార్డు ఆశే ఆమెకు కొంతకాలం కాపలా కాసింది.

ఆ లోపు ఆయన వేరే దారి చూశాడు. "చాలా రోజులైంది, మీ అమ్మను చూసి రా" అని టికెట్ కొన్నాడు, వెళ్ళడానికి మాత్రమే. ఆమె పాస్‌పోర్టులో హెచ్-4 స్టాంపింగ్ గడువు తీరింది. అడ్వాన్స్ పెరోల్‌గా, అంటే దేశం దాటి తిరిగి రావడానికి అనుమతిగా కూడా పనికొచ్చే ఆ వర్క్ పర్మిట్ కార్డు ఆయన దగ్గరే ఉంది. వెళ్తే ఐ-485 వదిలేసినట్టే లెక్క. వీసా స్టాంపింగ్‌కు మళ్ళీ ఆయన కాగితాలే కావాలి. భార్యను ఊళ్ళో దింపి పాస్‌పోర్టు తీసుకుని వచ్చేయడం ఎన్నారై పెళ్ళిళ్ళలో పాత కథ. అక్కడే పరస్పర అంగీకారంతో విడాకులకు సంతకం పెట్టించాలన్నది ప్లాను అని తర్వాత బయటపడ్డ వాయిస్ మెసేజ్‌లలో ఉంది. ఆమె వెళ్ళలేదు.

ఖమ్మం నుంచి ఆమె నాన్నగారు నాకు ఫోన్ చేశారు. "అమ్మా, వాళ్ళ పెద్దమనుషులు జూమ్‌లో కూర్చుందామంటున్నారు. ఒక్కసారి సర్దుకుపొమ్మని చెప్పమంటారా?" క్లయింటు ఒప్పుకోకుండా కేసు గురించి తండ్రితోనైనా నేను మాట్లాడకూడదు. ఆ మాటే చెప్పాను, ఆయన నొచ్చుకున్నారు. తర్వాత ఆమె ఒప్పుకున్నాక ముగ్గురం మాట్లాడుకున్నాం. జూమ్‌లో కూర్చోండి, కానీ ఏ కాగితం మీదా ఎవరూ సంతకం పెట్టొద్దు, ముఖ్యంగా జీపీఏ మీద, అన్నాను. ఆ పంచాయితీలో ఆమె బావగారు అన్న మాటలు తర్వాత మా పిటిషన్‌లో ఎగ్జిబిట్ అయ్యాయి.

చలికాలం మొదట్లో ఆమె కూతురితో వేరే గదికి మారింది. కొన్నాళ్ళకు ఆయన అక్కడికీ వచ్చి తలుపు నెట్టుకుని లోపలికొచ్చాడు, ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టాడు. ఇంటి ఓనరమ్మ 911కి ఫోన్ చేసింది. న్యూజెర్సీలో అదే రోజు తాత్కాలిక రెస్ట్రెయినింగ్ ఆర్డర్ (దగ్గరికి రావొద్దన్న కోర్టు ఉత్తర్వు) తీసుకోవచ్చు, పది రోజుల్లోపు తుది విచారణ పెడతారు. సుజాత టెన్షన్ అంతా ఒక్కటే: "ఆయన వీసాకు ఏమన్నా అవుతుందా? అయితే నాకూ పోతుంది కదా?" ఆ ఆర్డర్ సివిల్ ఆర్డర్, శిక్ష కాదు, దాన్ని ఉల్లంఘిస్తే మాత్రం ఆయనకు డిపోర్టేషన్ దాకా పోవచ్చు అని వివరించాం. న్యూ బ్రన్స్‌విక్ ఫ్యామిలీ కోర్టులో తుది ఆర్డర్ వచ్చింది. న్యూజెర్సీలో 1985 నుంచి దక్షిణాసియా స్త్రీల కోసం పనిచేస్తున్న మానవి లాంటి సంస్థలు ఉన్నాయని అప్పటిదాకా ఆమెకు తెలియదు. లాయరు చేయలేని పనులు, అంటే కోర్టులో పక్కన కూర్చోవడం, పాపకు డే కేర్ చూడటం లాంటివి, అలాంటి సంస్థలవాళ్ళే చేస్తారు.

2022లో బులెటిన్ తలకిందులైంది. కోవిడ్ వల్ల మిగిలిపోయిన ఫ్యామిలీ వీసాలు కలిసి ఆ ఏడాది ఉద్యోగ కోటా మామూలు 1,40,000 నుంచి సుమారు 2,81,000 దాకా పెరిగింది. ఈబీ-2 ఇండియా పరుగెత్తి ఈబీ-3ని దాటిపోయింది. ఈబీ-3కి దిగినవాళ్ళంతా మళ్ళీ ఈబీ-2కి మార్చమని ఇంటర్‌ఫైలింగ్ లేఖలు పంపారు. జూన్ బులెటిన్‌లో తేదీ 2014 సెప్టెంబరు 1కి వచ్చింది, భర్త ఏప్రిల్ తేదీ కరెంటు అయింది, అంటే ఆయన వంతు వచ్చింది. ఆయన పంపిన లేఖలో తన ఒక్కడి రసీదు నంబరే రాశాడు. సుజాత కోసం నేను విడిగా పంపాను. జులైలో ఒక ఉదయం ఖమ్మం ఫొటోలోని ఆయన నంబరు కొడితే, కొత్త కార్డు తయారవుతోందని కనిపించింది. ఆమెది కదల్లేదు.

ఆగస్టులో విడాకుల పిటిషన్ వచ్చింది. జవాబుకు 35 రోజులు. ఇంకోపక్క ఈబీ-2 నంబర్లు సెప్టెంబరు మొదటి వారానికే అయిపోయాయి, అక్టోబరు బులెటిన్‌లో తేదీ 2012 ఏప్రిల్ 1కి వెనక్కి పోయింది. డిపెండెంట్ దారి ఇక అక్కడే ఆగిపోయింది. కానీ అప్పటికి మా ఐ-360 సిద్ధంగా ఉంది. సెప్టెంబరులో వేశాం. గ్రీన్‌కార్డు ఉన్నవారి భార్యల కోటా ఎఫ్2ఏ ఆ రోజుల్లో అందరికీ కరెంటు కాబట్టి, దాంతోపాటే కొత్త ఐ-485 కూడా వేయగలిగాం. 2023 ఏప్రిల్‌లో ఆ కోటా కూడా వెనక్కి పోయింది. 

పిటిషన్ లోపల ఏముందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఫొటోలు, దెబ్బలు, ఆసుపత్రి కాగితాలు లేకపోతే కేసు లేదనుకుంటారు. ఈ చట్టంలో నమ్మదగిన ఏ ఆధారాన్నైనా అధికారి పరిశీలించాలి. ఒంటిమీద దెబ్బ లేకపోయినా తీవ్రమైన క్రూరత్వం చాలు. సుజాత మొదట రాసిన వాంగ్మూలం ఒకటిన్నర పేజీ: ఆయన బాగా చూసుకోలేదు, అవమానించేవాడు, చాలా బాధపడ్డాను. దాంతో ఏ అధికారినీ ఒప్పించలేం. ఏ గదిలో, పాప అప్పుడు ఎక్కడుంది, తర్వాత మీరేం చేశారు అని అడుగుతూ వచ్చాను. డబ్బు సంగతి వచ్చినప్పుడు ఆమె బ్యాగులోంచి ఒక నోటుబుక్కు తీసింది.

ఇంటిఖర్చుల పద్దు. ప్రతి వారం సరుకుల రసీదులు టేపుతో అంటించి, పక్కన ఆమె చేతిరాతలో లెక్క: పాలు, డైపర్లు, ఉల్లిపాయలు, పాపకు జ్వరం మందు. ప్రతి పేజీ కింద ఎర్ర పెన్నుతో టిక్కులు. కొన్నిచోట్ల టిక్కుకు బదులు ఆయన రాత: "ఇది ఎందుకు?" ఒకచోట ఆమె తన కోసం కొనుక్కున్న శానిటరీ ప్యాడ్ల చుట్టూ ఎర్ర గీత, పక్కన "చీప్‌వి లేవా?" దాదాపు మూడేళ్ళ పద్దు అది. "ఇది సాక్ష్యం కిందికి వస్తుందని నాకు తెలీదు మేడమ్, లెక్క తప్పితే మళ్ళీ అడుగుతాడని దాచాను" అంది. తెలుగులో ఉన్న ప్రతి పేజీకీ ఇంగ్లిషు అనువాదం, అనువాదకుడి ధ్రువపత్రంతో జత చేశాం. రెస్ట్రెయినింగ్ ఆర్డర్ కంటే ఆ పుస్తకమే బలమైన ఎగ్జిబిట్ అని నా నమ్మకం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పెళ్ళి నిజమని చూపడానికి సబ్‌రిజిస్ట్రార్ సర్టిఫికెట్, శుభలేఖ, ఆల్బమ్, కలిసి ఉన్న ఇంటి లీజు. ఆయన గ్రీన్‌కార్డు కాపీ మా దగ్గర లేదు. ఫొటోలోని ఆయన ఏ-నంబరు (ఇమ్మిగ్రేషన్ ఫైలు నంబరు) ఇచ్చి, మీ రికార్డుల్లోనే చూసుకోండని రాశాం. ఆమె నడవడికకు పోలీసు క్లియరెన్స్. పిటిషన్‌కు ఫీజు లేదు.

ఊహించినట్టే, ఆయన ఇమ్మిగ్రేషన్‌కు లేఖ రాశాడట, గ్రీన్‌కార్డు కోసమే పెళ్ళి చేసుకుందని. విడాకుల కేసులో ఆయన లాయరే ఆ కాపీ పెట్టాడు కాబట్టి తెలిసింది. చట్టంలో 1367 సెక్షన్ ఉంది: హింసించినవాడు ఇచ్చిన సమాచారం ఒక్కదాన్నే పట్టుకుని ఆమెకు వ్యతిరేకంగా నిర్ణయించకూడదు, ఆమె పిటిషన్ ఉందో లేదో కూడా అతనికి చెప్పకూడదు. ఆ లేఖ ఆయన బెదిరింపులకు మరో రుజువుగా మా ఫైలులోకే చేరింది.

2023లో విడాకులయ్యాయి. పాత డిపెండెంట్ దరఖాస్తు కొట్టేశారు. కొత్త ఐ-485 అప్పటికే పెండింగులో ఉంది కాబట్టి ఆమె వర్క్ పర్మిట్ ఆగలేదు. ఆ మధ్యలో డే కేర్‌లో పని, తర్వాత ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. ఐ-360 మంజూరయ్యేసరికి 2025 వచ్చింది. ఎఫ్2ఏ తేదీ మళ్ళీ ముందుకు కదిలాక గ్రీన్‌కార్డు వచ్చింది.

ఇండియా వైపు సంగతి ఇంకా తేలలేదు. 1991లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ రంగంలో అందరికీ కంఠతా ఉంటుంది: తిరుపతిలో పెళ్ళి, మిస్సోరిలో విడాకులు, యాదగిరిగుట్టలో రెండో పెళ్ళి. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో విదేశీ కోర్టు ఇచ్చిన విడాకులను మామూలుగా అక్కడ గుర్తించరన్నది దాని సారం. న్యూజెర్సీ డిక్రీ 'సరిపడటం లేదు' అన్న కారణంతో వచ్చింది. కాబట్టి ఆమె రేపు మళ్ళీ పెళ్ళి చేసుకోవాలన్నా, అక్కడ ఆస్తి విషయం వచ్చినా, ఖమ్మం లాయరు ఒకరు దీన్ని చూడాలి. పుట్టింటివాళ్ళు 498ఏ కేసు పెడదామన్నారు. పెట్టొద్దని నేను అనలేదు, పెట్టమనీ అనలేదు. అక్కడ ఇచ్చే ఫిర్యాదులో ఒక్క తేదీ, ఒక్క సంఘటన ఇక్కడి వాంగ్మూలంతో తేడా వచ్చినా ఆ ఎఫ్ఐఆర్ ఇక్కడి ఫైలులోకి రావచ్చు, రెండూ ఒకరు పక్కపక్కన పెట్టి చదివాకే ఇవ్వండి అన్నాను. ఆమె పెట్టలేదు.

పౌరసత్వానికి ఆమె ఐదేళ్ళు ఆగాలి. భర్త అమెరికా పౌరుడై, అతని భార్యగా వావా కింద కార్డు వచ్చి ఉంటే మూడేళ్ళే. పాప పాస్‌పోర్టు 16 ఏళ్ళలోపు పిల్లలకు తల్లిదండ్రులిద్దరి సమ్మతితో ఇస్తారు, లేదంటే కోర్టు ఆర్డర్ కావాలి. ఆ ఆర్డర్ కోసం వేసిన దరఖాస్తు ఫ్యామిలీ కోర్టులో ఉంది, వచ్చే నెల విచారణ.